దారి చూపినవాడు

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



ఆధ్యాత్మికసాధనకు గురువు అవసరమా, కాదా అను ప్రశ్న నేటిది కాదు. గురువు లేని విద్య గుడ్డివిద్య యని తెలుగునాట పెద్దలు చెప్పుచుందురు. ఆషాఢ పూర్ణిమనాడు వ్యాసభగవానుని పేర గురుపూజ చేయుట అనేక కుటుంబములలో నేటికిని ఆచారము. సత్యము తన హృదయముననే యున్నది, దానికి మధ్యవర్తి యెందులకు, పుస్తకములు లేవా, బుద్ధి లేదా అని వాదించువారును కొందరు కలరు. మొదటివారిలో కొందరు గురువును వరించిన పిమ్మట తమ బుద్ధికి సెలవిచ్చివేయుదురు. రెండవవారిలో కొందరు తమ బుద్ధినే గురుపీఠమున కూర్చుండబెట్టి, అది చెప్పినదెల్ల సత్యమని నమ్ముదురు. ఉభయులకును నష్టము కలుగుచునే యున్నది.

ఇట్టి ప్రశ్నను తర్కముతో తేల్చుట కష్టము. ఒక మహాపురుషుని జీవితమును ఆధారముగా గొని పరిశీలించుట సులభము. అందుకు గౌతమ బుద్ధుని చరిత్రకంటె తగినది అరుదు. ఏలయన, ఈ ప్రశ్నకు ఆయన చరిత్రలో రెండు సమాధానములు కనబడును. తనకు గురువు లేడని ఆయన స్వయముగా చెప్పెను. జ్ఞానము లభించిన పిమ్మట ఆయన మొట్టమొదట స్మరించినది తన పూర్వపు గురువులనే. ఈ రెండును పాళీ గ్రంథములలో దాదాపు ఒకే చోట నున్నవి. వీనిని సమన్వయము చేసికొన్నచో గురుశిష్య సంబంధమునందలి రహస్యము చాలవరకు బోధపడును.

సిద్ధార్థుడు తన ఇరువదితొమ్మిదవ యేట గృహమును విడిచెను. విడిచినవాడు నేరుగా చెట్టుక్రింద కూర్చుండలేదు. ముందుగా గురువును వెదకికొనుచు పోయెను. మొదట దొరకినవాడు ఆలార కాలాముడు. ఈ వృత్తాంతము మజ్ఝిమనికాయములోని అరియపరియేసన సుత్తమున కలదు. సిద్ధార్థుడు ఆలారుని సిద్ధాంతమును స్వల్పకాలములోనే కంఠస్థము చేసెను. అయితే నోటితో వల్లించుటకును అనుభవముతో తెలిసికొనుటకును గల భేదము ఆయనకు వెంటనే స్ఫురించినది. ఈ ధర్మమును మీరు ఎంతవరకు స్వయముగా సాక్షాత్కరించుకొంటిరి అని గురువునే సూటిగా అడిగెను. ఆలారుడు కోపగింపలేదు. ఆకించన్యాయతనమను సమాధిస్థితి వరకు అని ఉన్నదున్నట్లు చెప్పెను. సిద్ధార్థుడు సాధన చేసి, ఆ స్థితిని తానును పొందెను.

అప్పుడు జరిగినది గమనింపదగినది. ఆలారుడు శిష్యుని తన ప్రక్కన సమానాసనమున నిలిపి, ఇకమీదట ఈ శిష్యగణమును ఇరువురము కలిసి నడపుదమని కోరెను. శిష్యుడు తనతో సమానుడైనాడని ఒప్పుకొనుటకు ఎంతటి విశాలహృదయము కావలెనో కార్యాలయములలో పనిచేయువారికి వేరుగా చెప్పనక్కరలేదు. తాను పని నేర్పిన చిన్న ఉద్యోగి తనతో సమానమైన కుర్చీలో కూర్చున్ననాడు సంతోషించు పెద్ద ఉద్యోగులు ఎందరు? ఆలారుడు అట్టివాడు. అయినను సిద్ధార్థుడు ఆ గౌరవమును స్వీకరింపలేదు. ఆ సమాధి ఎంత ఉన్నతమైనదైనను దుఃఖమును సమూలముగా తొలగించునది కాదని గ్రహించి, సెలవు తీసికొనెను.

పిదప ఉద్దక రామపుత్రుని ఆశ్రయించెను. అక్కడ బోధింపబడునది రాముడను పూర్వాచార్యుడు సాధించిన నైవసంజ్ఞానాసంజ్ఞాయతనమను మరింత సూక్ష్మమైన స్థితి. ఉద్దకుడు ఆ స్థితిని వర్ణించి చెప్పగలవాడే కాని తాను పొందినవాడు కాడని పాళీ పాఠమును జాగ్రత్తగా చదివిన పండితుల అభిప్రాయము. సిద్ధార్థుడు దానిని పొందగానే ఉద్దకుడు ఆయనను తనతో సమానుని చేయుటతో తృప్తినొందలేదు. మొత్తము గణమునకే ఆచార్యుని చేసెను. ఆ పీఠమును కూడ విడిచి సిద్ధార్థుడు మగధలోని ఉరువేల చేరెను. రెండుసార్లు పీఠము చేతికి వచ్చినది. రెండుసార్లును తాను వెదకుచున్నది ఇది కాదని చెప్పి కదలిపోయెను.

ఈ గురువులిరువురును ఆయనకు ఏమి చేసినట్లు? గమ్యమును చూపలేదు. అయినను మనస్సును ఏకాగ్రము చేయు విద్యను నేర్పిరి. అంతకంటె ముఖ్యముగా, తమ విద్య ఎక్కడ అంతమగుచున్నదో దాచక చెప్పిరి. ఇంతవరకే నాకు తెలియునని గురువు చెప్పిననాడే శిష్యునకు ముందున్న దారి కనబడును. హద్దును దాచిన గురువువద్ద శిష్యుడు ఆ హద్దునే గమ్యమనుకొని జీవితమంతయు అక్కడనే గడపివేయును.

ఉరువేలలో నైరంజనా తీరమున ఐదుగురు సహచరులతో ఆయన చేసిన కఠోరతపస్సు ప్రసిద్ధము. దానివలన ప్రయోజనము లేదని తెలిసికొని ఆహారము తీసికొనగానే ఆ ఐదుగురును ఆయనను భ్రష్టుడని తలచి విడిచిపోయిరి. అప్పుడాయనకు గురువు లేడు, సహచరులును లేరు. చిన్ననాడు నేరేడుచెట్టు నీడలో అప్రయత్నముగా కలిగిన ఒక ప్రశాంతస్థితి మాత్రము జ్ఞాపకమునకు వచ్చెను. ఆ జ్ఞాపకమే మార్గమైనది. తన ముప్పదియైదవ యేట బోధివృక్షము క్రింద ఆయన బుద్ధుడైనాడు.

ఇక్కడనే పైన చెప్పిన రెండు సమాధానములును వచ్చుచున్నవి. తాను కనుగొన్నదానిని ఎవరికి మొదట బోధింపవలెనని ఆలోచించినప్పుడు ఆయనకు తోచినవాడు ఆలార కాలాముడు. అతడు నిర్మలచిత్తుడు, చెప్పినచో శీఘ్రముగా గ్రహింపగలడని భావించెను. కాని ఆలారుడు మరణించి ఏడుదినములైనదని తెలిసినది. తరువాత తోచినవాడు ఉద్దకుడు. అతడు క్రిందటి రాత్రియే గతించెనని తెలిసినది. ఇరువురకును గొప్ప నష్టము జరిగినదని బుద్ధుడు విచారించెను. తాను దాటిపోయిన గురువులను ఆయన తక్కువచేయలేదు. తనకు లభించినది ముందుగా వారికి అందవలెనని కోరెను. ఏడుదినముల యాలస్యముతో ఒకరు, ఒక్క రాత్రి యాలస్యముతో మరియొకరు చేజారిపోయిరి. ఆ కథలో దీనిని మించిన విషాదము లేదు.

పిమ్మట తనను విడిచిపోయిన ఐదుగురికొరకు ఆయన వారాణసి దిక్కునకు నడచెను. త్రోవలో ఉపకుడను ఆజీవకుడు ఎదురై, ఆయన ముఖవర్చస్సును చూచి, నీ గురువెవరని అడిగెను. తాను స్వయముగా తెలిసికొన్నవాడననియు, తనకు గురువు లేడనియు బుద్ధుడు బదులు చెప్పెను. కావచ్చునని తలయూపి ఉపకుడు వేరొక త్రోవను పోయెను. గురువులను మొదట స్మరించినవాడే కొలదిదినములలో తనకు గురువు లేడనుచున్నాడు. ఇందు విరోధము లేదు. చివరి అడుగు ఎవరికి వారే వేయవలెను. ఆ అడుగునకు గురువు లేడు. అంతవరకు నడిపించినవారు మాత్రము గురువులే. వారియెడల కృతజ్ఞత అనివార్యము.

సంయుత్తనికాయములో ఈ సందర్భమునకు చేరిన మరియొక ఘట్టము కలదు. జ్ఞానము పొందిన తొలిదినములలో, ఎవరినీ గౌరవింపక, ఎవరికీ విధేయుడు కాక జీవించుట దుఃఖకరమని బుద్ధుడు తలపోసెనట. తాను ఆశ్రయింపదగిన గురువు లోకమున కనబడకపోగా, తాను కనుగొన్న ధర్మమునే గురువుగా భావించి గౌరవింతునని నిశ్చయించుకొనెను. తనకుమీద ఎవరును లేరను స్థితి ఆయనకు గర్వకారణము కాలేదు. లోటుగా తోచినది. గురువు అక్కరలేదని తేలికగా మాటలాడువారు ఈ ఘట్టమును తలచుకొనవలెను.

వారాణసి సమీపమున ఇసిపతనములో, నేటి సారనాథములో, ఆ ఐదుగురికి తొలిబోధ జరిగినది. అది ఆషాఢ పూర్ణిమ యని బౌద్ధులు పాటింతురు. వ్యాసపూర్ణిమయు ఆనాడే. ఈ ఐదుగురిలో ఒకడు అశ్వజిత్తు. ఇతని మూలమున గురుశిష్యుల కథ మరియొక మలుపు తిరిగినది.

రాజగృహములో సంజయుడను ప్రసిద్ధాచార్యుడుండెను. ఉపతిష్యుడు, కోలితుడు అను బాల్యమిత్రులిరువురు అతని శిష్యులు. ముందుగా సత్యము తెలిసినవాడు రెండవవానికి చెప్పవలెనని వారు ఒడంబడిక చేసికొనిరి. ఒకనాటి యుదయమున ఉపతిష్యుడు భిక్షాటనము చేయుచున్న అశ్వజిత్తును చూచి, అతని నడకలోని శాంతికి ఆకర్షితుడై, భిక్ష ముగియువరకు వేచియుండి, మీ గురువెవరు, ఆయన బోధ యేమి అని అడిగెను. అశ్వజిత్తు తాను ఈ మార్గమునకు క్రొత్తవాడననియు, విస్తరించి చెప్పజాలననియు, సారము మాత్రము చెప్పుదుననియు పలికెను. కారణము వలన పుట్టినవానికి కారణము కలదు, వానికి నిరోధమును కలదు అను భావముగల కొలది మాటలు చెప్పెను. ఆ మాత్రమునకే ఉపతిష్యుని మనోనేత్రము విచ్చుకొనెను. ఈ ఉపతిష్యుడే శారిపుత్రుడు. కోలితుడు మౌద్గల్యాయనుడు.

మిత్రులిరువురును తమ పూర్వగురువును కూడ వెంటబెట్టుకొని పోదలచిరి. సంజయుడు అంగీకరింపక, గణమును ముగ్గురము కలసి నడపుదమని ఆశ చూపెను. ధమ్మపద వ్యాఖ్యానములో చెప్పబడిన కథ ప్రకారము, లోకములో వివేకులు ఎక్కువా, మూఢులు ఎక్కువా అని శిష్యులనే అడిగి, మూఢులే ఎక్కువ యని వారు చెప్పగా, అట్లయినచో వివేకులు గౌతమునివద్దకు పోవుదురుగాక, మూఢులు నావద్దకు వత్తురు, మీరు పొండని పలికెను. ఆలారుడును తన గణములో భాగమిచ్చెను, సంజయుడును ఇచ్చుటకు సిద్ధపడెను. పైకి రెండును ఒక్కటే. అయితే ఆలారుడు ఇచ్చినది శిష్యుని యోగ్యతను చూచి. సంజయుడు ఇవ్వజూపినది తన పీఠము చెదరిపోవునను భయము చేత. శిష్యులసంఖ్యయే గురుత్వమునకు కొలమానమైనచోట ఇట్టి భయమునకు కొదువ యుండదు.

శారిపుత్రుడు ప్రజ్ఞయందు బుద్ధుని శిష్యులలో అగ్రగణ్యుడైనాడు. అశ్వజిత్తుకంటె ఎంతయో ప్రసిద్ధుడైనాడు. అయినను ప్రతిరాత్రియు శయనించుటకు ముందు అశ్వజిత్తు ఏ దిక్కున నున్నాడో తెలిసికొని, ఆ దిక్కునకు నమస్కరించి, ఆ వైపునకే తల యుంచి పరుండెడివాడట. ఇతడు దిక్కులను పూజించుచున్నాడని కొందరు భిక్షువులు ఫిర్యాదు చేయగా, దిక్కును కాదు, మొదట దారి చూపినవానిని పూజించుచున్నాడని బుద్ధుడు వివరించెను. కొలది మాటలు చెప్పినవానికి జీవితాంతము కృతజ్ఞత! బడిలో ఓనమాలు దిద్దించిన పంతులుగారి పేరు ఎందరికి జ్ఞాపకమున్నదో ఎవరికి వారే ప్రశ్నించుకొనవచ్చును.

గురువునకు విద్వత్తు ఉన్నంతమాత్రమున చాలదు. శిష్యుని ఎరుగవలెను. చూళపంథకుడను భిక్షువు నాలుగు మాసములు ప్రయత్నించియు ఒక్క గాథను కంఠస్థము చేయలేకపోయెను. అతని అన్నయే, తానును జ్ఞానియైన మహాపంథకుడు, నీకు ఈ జీవితము తగదు, ఇంటికి పొమ్మనెను. ద్వారమువద్ద కంటనీరు పెట్టుకొని నిలిచిన ఆ తమ్మునికి బుద్ధుడు ఒక తెల్లని గుడ్డముక్క నిచ్చి, మాలిన్యము తొలగునుగాక అను భావముగల ఒక్క మాటను ఉచ్చరించుచు దానిని చేతితో రుద్దుచుండుమని చెప్పెను. చెమట తగిలి గుడ్డ మాయుచు వచ్చెను. తెల్లనిది మాసిపోవుటను కన్నులార చూచిన యతనికి అనిత్యతయు, మనోమాలిన్యమును ఒక్కసారిగా బోధపడెను. అన్న గాథను మాత్రమే పాఠముగా నెరుగును. బుద్ధుడు గుడ్డముక్కను కూడ పాఠము చేయగలిగెను. తమ పిల్లలు మందబుద్ధులని విసుగుకొను తల్లిదండ్రులు ఒకసారి తలచుకొనవలసిన కథ యిది.

ఇంతటి గురువు దొరకినను అందరును గమ్యము చేరుదురా? ఈ ప్రశ్నను బుద్ధుని అడిగినవాడు ఒక లెక్కల ఉద్యోగి యగుట ఈ సభవారికి సంతోషము కలిగింపవచ్చును. ఆయన పేరు గణక మౌద్గల్యాయనుడు. శ్రావస్తిలోని పూర్వారామములో, మృగారమాత యని పేరొందిన విశాఖ కట్టించిన సౌధమునకు వచ్చి, ఆయన సంభాషణమును లెక్కలవాడు ప్రారంభింపదగినట్లే ప్రారంభించెను. ఈ మేడకు మెట్లు క్రమముగా నున్నవి. మా గణకవిద్యలోను శిష్యునిచేత ఒకటి, రెండు, మూడు అని నూరువరకు క్రమముగా లెక్కింపజేయుదుము. మీ మార్గములోను ఇట్టి క్రమము కలదా అని అడిగెను. కలదని చెప్పి బుద్ధుడు శీలము, ఇంద్రియనిగ్రహము, మితాహారము, జాగరూకత, స్మృతి, ఏకాంతధ్యానము అను మెట్లను వరుసగా వివరించెను.

అప్పుడు గణకుడు అసలు ప్రశ్నను వేసెను. గమ్యము కలదు, మార్గము కలదు, చెప్పుటకు మీరున్నారు. అయినను మీ శిష్యులలో కొందరు చేరుచున్నారు, కొందరు చేరలేకున్నారు, ఏల? బుద్ధుడు రాజగృహమునకు పోవు దారి నీకు తెలియునా అని ఎదురుప్రశ్న వేసెను. తెలియుననెను. ఇద్దరికి ఆ దారిని ఒకే విధముగా చెప్పినను, ఒకడు తప్పుదారి పట్టి పడమరకు పోయి, రెండవవాడు క్షేమముగా చేరినచో నీవేమి చేయుదువు? నేనేమి చేయగలను, దారి చెప్పువాడను మాత్రమే కదా అని గణకుడనెను. తానును అంతే యని బుద్ధుడు బదులిచ్చెను. మ్రొక్కినంతనే చేరవేయుదునని వాగ్దానము చేయువారి మాటలకును, ఈ మాటకును ఎంత అంతరము!

నడువవలసినవాడు శిష్యుడే యైనప్పుడు, దారి చెప్పువానిని పరీక్షించు బాధ్యతయు శిష్యునిదే. కోసలదేశములోని కేసపుత్త గ్రామమున కాలాములనువారు బుద్ధుని ఇదే విషయమున ప్రశ్నించిరి. వచ్చిన ప్రతి ఆచార్యుడును తన మతమును పొగడి ఇతరుల మతమును తెగడుచున్నాడు, మేమెవరిని నమ్మవలెను అని వారి సందేహము. వినికిడి చేతగాని, పరంపర చేతగాని, గ్రంథప్రామాణ్యము చేతగాని, తర్కము చేతగాని, చివరకు ఈయన మా గురువను గౌరవము చేతగాని దేనిని అంగీకరింపవలదని ఆయన చెప్పెను. ఈ భాగమును ఉదహరించువారు చాలమంది. తరువాతి భాగమును ఉదహరించువారు తక్కువ. లోభద్వేషమోహములను పెంచునది ఏదో, తగ్గించునది ఏదో స్వయముగా గమనింపవలెననియు, విజ్ఞులు దేనిని నిందింతురో, దేనిని ప్రశంసింతురో అదియు చూడవలెననియు ఆయన చేర్చెను. తోచినదెల్ల సత్యమనుటకు అక్కడ అవకాశము లేదు.

గురువును పరీక్షించు విధానమును కూడ పాళీ గ్రంథములు వివరించుచున్నవి. చంకీ సుత్తము ప్రకారము, తెలియనిదానిని తెలియునని చెప్పించు లోభము ఈయనలో కలదా, ఇతరులకు హాని కలిగించు పనికి పురికొల్పు ద్వేషమోహములు కలవా అని ముందు చూడవలెను. ఆ పరీక్ష ముగిసిన పిమ్మటనే శ్రద్ధ. శ్రద్ధ కలిగిన పిమ్మట సమీపించుట, వినుట, గుర్తుంచుకొనుట, అర్థవిచారము, ఉత్సాహము, కృషి, చివర సాక్షాత్కారము. పరీక్షింపక వెంబడించుట ఒకరినొకరు పట్టుకొని నడచు గ్రుడ్డివారి వరుసవంటిదని ఆ సుత్తముననే ఉపమానము కలదు. వీమంసక సుత్తము మరియొక అడుగు ముందుకు వేసి, బుద్ధుని సైతము కంటితోను చెవితోను పరిశీలింపవలెనని చెప్పుచున్నది. కీర్తి రాకమునుపు లేని దోషములు, కీర్తి వచ్చిన పిమ్మట ఆచార్యునిలో తలయెత్తుచున్నవా అని చూడుడని హెచ్చరించుచున్నది. ఆశ్రమములు పెరిగి, వాహనములు బారులు తీరు ఈ దినములలో ఈ ఒక్క హెచ్చరికను పాటించినచో ఎన్నియో కుటుంబములు దుఃఖమునుండి తప్పించుకొనెడివి.

ఇంతవరకు చెప్పినదంతయు గంగానదీ పరిసరముల కథ. ఇక గోదావరి తీరమునకు రావలసియున్నది. సుత్తనిపాతమున చివరి వర్గము పారాయణము. బౌద్ధవాఙ్మయములో అతిప్రాచీనభాగములలో దీనిని ఒకటిగా పండితులు పరిగణింతురు. అందలి నాయకుడు బావరి యను బ్రాహ్మణాచార్యుడు. కోసలనుండి దక్షిణాపథమునకు వచ్చి, అస్సకదేశమున గోదావరి యొడ్డున, ఉంఛవృత్తితోను పండ్లతోను జీవించుచుండెను. అస్సకుల రాజధాని తెలంగాణములోని నేటి బోధన్ అని పలువురు చరిత్రకారుల మతము. బావరి ఆశ్రమము నిర్మల్ జిల్లాలో గోదావరి నడుమనున్న బాదనకుర్తి లంక యని కొందరు చెప్పుదురు.

బావరి ఒక మహాయజ్ఞము చేసి ఉన్నదంతయు దానము చేసి ఆశ్రమమునకు మరలగానే, కాళ్ళు వాచి, తలపై దుమ్ముపడిన బ్రాహ్మణుడొకడు వచ్చి ఐదువందలు యాచించెను. ఏమియు మిగులలేదని బావరి చెప్పగా, ఏడవదినమున నీ తల ఏడు వ్రక్కలగునని శపించెను. వృద్ధుడైన బావరి భయముతో కృశించెను. అప్పుడొక దేవత ప్రత్యక్షమై, వాడు ధనాశపరుడగు కపటి, తలయన నేమో, తల వ్రక్కలగుట యన నేమో వాడెరుగడని ఊరడించెను. అయినచో నీవు చెప్పుమని బావరి కోరగా, నాకును తెలియదు, తెలిసినవాడు శాక్యవంశమున పుట్టిన బుద్ధుడు, ఆయనను అడుగుమని ఆ దేవత చెప్పెను.

ఈ చిన్నకథలో ఎంత వివేకమున్నది! తెలియకయే తెలిసినట్లు నటించి భయపెట్టినవాడు ఒకడు. తెలియదని నిస్సంకోచముగా చెప్పి, తెలిసినవానిని చూపినది ఒక దేవత. దేవత చెప్పినది విని, వేదత్రయమున పారంగతుడను, వందలకొలది శిష్యులకు ఆచార్యుడను అని అభిమానింపక, తనకు తెలియనిదానిని తెలిసికొనబూనినవాడు బావరి. తన పరిధిని మించిన దస్త్రమును బల్లక్రింద దాచక తగిన అధికారికి పంపుట ఎంత ధర్మమో ఇదియు అంత ధర్మమే. అయితే బావరి పంపినవి కాగితములు కావు. తన విద్యకు కిరీటములవంటి పదునార్గురు శిష్యులు. పోయినవారు తిరిగి రాకపోవచ్చునని ఆయనకు తెలియకుండునా?

అజితుడు, పుణ్ణకుడు, మెత్తగువు, ధోతకుడు, ఉపసీవుడు, మోఘరాజు, పింగియుడు మొదలగు ఆ పదునార్గురును నడచిన దారి గ్రంథమున వివరముగా నున్నది. ప్రతిష్ఠానము, మాహిష్మతి, ఉజ్జయిని, విదిశ, కౌశాంబి, సాకేతము, శ్రావస్తి, కపిలవస్తు, కుశీనగరము, పావా, వైశాలి దాటి చివరకు మగధలోని పాషాణక చైత్యమువద్ద బుద్ధుని కలిసికొనిరి. కొలువులకొరకు రైలెక్కి ఉత్తరదేశమునకు వచ్చు నేటి తెలుగువారికి ఈ దూరమెంతయో తెలియును. వారు కాలినడకను వచ్చిరి. ప్రశ్నలే వారి మూట.

గురువు చెప్పి పంపినట్లు అజితుడు మొదట మనస్సులోనే ప్రశ్నించెను. బావరి వయస్సు నూటయిరువది యేండ్లనియు, వేదపారంగతుడనియు, ఐదువందలమందికి బోధించువాడనియు బుద్ధుడు బదులు చెప్పెను. తల మాటయేమని అజితుడు అడుగగా, అవిద్యయే తల యనియు, శ్రద్ధ, స్మృతి, సమాధి, వీర్యములతో కూడిన విద్యయే దానిని వ్రక్కలుచేయునదనియు వివరించెను. మూర్ఖుని శాపము ఆ విధముగా జ్ఞానోపదేశముగా మారిపోయినది. పిమ్మట పదునార్గురును ఒక్కొక్కరుగా తమ తమ ప్రశ్నలను అడిగిరి. ప్రతివాని ప్రశ్నయు వేరు, సమాధానమును వేరు.

చివరివాడు పింగియుడు. ముసలివాడు. బలము తగ్గినది, చూపు మందగించినది, చెవులు సరిగా వినబడవు. అజ్ఞానముతో చనిపోకుండ ధర్మమును చెప్పుమని వేడుకొనెను. కోరిన బోధ లభించిన పిమ్మట గోదావరి తీరమునకు మరలివచ్చి గురువునకు సర్వమును నివేదించినవాడు అతడే. అంతటి మహాత్ముని విడిచి క్షణమైనను ఎట్లు ఉండగలుగుచున్నావని బావరి ఆశ్చర్యముతో అడిగెను. శరీరము వృద్ధమై అక్కడ నిలువజాలదు గాని, మనస్సు రేయింబవళ్ళు ఆయనను చూచుచునే యున్నదని పింగియుడు చెప్పెను. శిష్యుడు తెచ్చిన వెలుగును గురువు వినయముతో స్వీకరించెను. ఆలారునకు ఏడుదినములలో తప్పిపోయిన భాగ్యము బావరికి లభించినది. తాను పంపిన శిష్యుడే తనకు దారి చూపువాడై తిరిగి వచ్చెను.

బుద్ధుడును అంత్యకాలమున ఇదే ధర్మమును పాటించెను. వైశాలి సమీపమున బేలువ గ్రామములో జబ్బుపడి కోలుకొన్న పిమ్మట, సంఘమునకు చివరిమాట చెప్పక పోరని ధైర్యముగా నుంటినని ఆనందుడనగా, తన బోధలో గుప్పిట మూసిన రహస్యమేదియు లేదనియు, ఇకమీదట తమకు తామే, ధర్మమే ఆశ్రయముగా నుండవలెననియు చెప్పెను. కుశీనగరమున తుదిఘడియలలో, సందేహములున్నచో అడుగుడని భిక్షువులను ముమ్మారు కోరెను. నామీది గౌరవముచేత అడుగలేకున్నచో ఒక మిత్రుడు మరియొక మిత్రునికి చెప్పవచ్చుననెను. గౌరవము ప్రశ్నకు అడ్డురాకూడదని తలచిన గురువు ఆయన. సన్మిత్రుల సాంగత్యము సాధనలో సగమని ఆనందుడు పూర్వమొకప్పుడు అనగా, సగము కాదు, సమస్తమునని సరిదిద్దినవాడును ఆయనయే.

కావున గురువు అవసరమా అను ప్రశ్నకు ఈ చరిత్ర యిచ్చు సమాధానము స్పష్టమే. గురువు అవసరము. అయితే ఆయన గమ్యము కాడు. తెలిసినంతవరకు దాచక చెప్పుట, తెలియనిచోట తెలియదని ఒప్పుకొనుట, తెలిసినవానియొద్దకు పంపుట గురుధర్మము. పరీక్షించి ఆశ్రయించుట, నేర్చిన పిమ్మట ముందునకు సాగుట, సాగినను మొదట దారి చూపినవాని దిక్కునకు నమస్కరించుట శిష్యధర్మము. ఇది ఆశ్రమములకు మాత్రమే చెందినది కాదు. బిడ్డలకు చదువు చెప్పు తల్లిదండ్రులకును, క్రిందివారికి పని నేర్పు ఉద్యోగులకును చెందినది. తాము నేర్పినవారు తమను మించిపోయిననాడు సంతోషింపగలిగినవారు బావరి వంశమునకు చెందినవారే. గోదావరి నీరు త్రాగిన ప్రతివానికిని ఆ వంశముపై హక్కు కలదు.

స్వస్తి.